నిన్నెవరు చేయమన్నారు?

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. మూడు నెలల కిందట ఆఫీసులో ట్రైనింగ్ పెట్టి అందరికీ పర్సనాలిటీ టెస్టు చేయించారు. నాకు ఐఎస్ఎఫ్‌జే అని నాలుగు అక్షరాల రకం వచ్చింది. చదివితే అచ్చం నన్ను చూసి రాసినట్టే ఉంది. ఆ ఉత్సాహంలో ఫోన్లో ఎన్నియాగ్రామ్ టెస్టు కూడా చేశాను, అది మనుషుల్ని 1 నుంచి 9 వరకు తొమ్మిది రకాలుగా చెబుతుంది. మొదటిసారి 2 వచ్చింది, వారం తర్వాత చేస్తే 9, మళ్లీ చేస్తే 6. మొన్న మా ఆడపడుచు గృహప్రవేశానికి తెల్లవారుజామున రెండున్నరకి లేచి ఐదు కిలోల బియ్యంతో పులిహోర నేనే కలిపాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో "క్యాటరింగ్ వాళ్ల పులిహోర భలే ఉంది" అన్నారు. మా ఆడపడుచు పక్కనే ఉంది, నేను చేశానని చెప్పలేదు. ఇంటికొచ్చి ఏడిస్తే మావారు "నిన్నెవరు చేయమన్నారు?" అన్నారు. అప్పట్నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. నేను నిజంగా మంచిదాన్నా, లేక మెప్పు కోసమే ఇదంతా చేస్తున్నానా? వచ్చే నెల ఆడపడుచు వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం, "వదినా, రెండు రోజుల ముందే వచ్చెయ్" అని అప్పుడే ఫోన్ చేసింది. నేను ఏమీ చెప్పలేదు, తను మళ్లీ ఆదివారం చేస్తానంది. మా పెద్దబ్బాయికి 13 ఏళ్లు, వాడికీ టెస్టు చేయించాను, 5 వచ్చింది. ఇప్పుడు ఏ ఫంక్షన్‌కి రమ్మన్నా "నేను ఫైవ్‌ని, రాను" అంటున్నాడు. అసలు నా టైప్ ఏంటో చెప్పండి.
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం: ముందు పులిహోర సంగతి మాట్లాడుకుందాం. ఐదు కిలోల బియ్యం వండి, అన్నం పెద్ద బేసిన్లలో ఆరబోసి, వేడి తగ్గీ తగ్గకముందే పసుపు, నూనె, చింతపండు గుజ్జు వేసి చేత్తో కలపడం అంటే ఏమిటో నాకు తెలుసు. అరచేతులు మండిపోతాయి. గోళ్ల సందుల్లో పసుపు రెండు రోజులైనా పోదు. ఆ పసుపు గోళ్లతోనే మీరు అక్కడ వడ్డిస్తూ నిలబడి ఉంటారు, ఆ మాట మీ చెవిన పడింది, తెలిసిన మనిషి పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఏడుపు రాకపోతే ఆశ్చర్యపోవాలి. కాబట్టి ఆ ఏడుపుని మీ మీద ఒక నేరంగా రాసుకోకండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది, ఆ రోజు మీకు అన్యాయం జరిగితే మీరు మీ మంచితనాన్నే బోనులో నిలబెట్టడం.

ఇక మీ టైప్ ఏమిటో నేను చెప్పలేను. ఒక ఉత్తరం చూసి ఎవరూ చెప్పలేరు, చెబుతామన్నవాళ్లని నమ్మకండి. కానీ అది తెలుసుకునే దారి మాత్రం మీ ఉత్తరంలోనే ఉంది. మీవారు అడిగిన ప్రశ్న ఉంది చూశారా, "నిన్నెవరు చేయమన్నారు?" అని, ఆయన దాన్ని విసుగుతో అడిగారు, అడగకూడని సమయంలో అడిగారు. నిజమే. అయితే అదే ప్రశ్నని విసుగు తీసేసి, తలుపు వేసుకుని, మీకు మీరు నెమ్మదిగా వేసుకుంటే దానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకోటి లేదు. ఎవరో ఒకరు చేయమన్నారు. బయటివాళ్లు కాదు, లోపలివాళ్లు. ఆ లోపల కూర్చుని రెండున్నరకి అలారం పెట్టించింది ఎవరు, ఏం చెప్పి పెట్టించింది అన్నదే అసలు సంగతి.

మీరు చేసిన టెస్టుల్లో చాలా ప్రశ్నలు మీరేం చేస్తారన్నదాని చుట్టూనే తిరుగుతాయి. ఇతరులకు సాయం చేస్తారా, గొడవలకు దూరంగా ఉంటారా, ముందుజాగ్రత్త ఎక్కువా... ఈ మూడింటికీ మీరు అవుననే అంటారు, మీలాంటి వాళ్లు ఎవరైనా అవుననే అంటారు. అందుకే ఆఫీసులో టెన్షన్‌గా ఉన్న రోజు చేస్తే 6, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు చేస్తే 9, పిల్లల బాక్సులు కట్టి పంపి ఆ వెంటనే చేస్తే 2 వచ్చినా వస్తుంది. టెస్టు తప్పనీ కాదు, మీరు అబద్ధం చెప్పారనీ కాదు. అది చేతుల్ని చూస్తుంది, మనసుని చూడటం దానివల్ల కాదు.

ఆఫీసులో చేయించిన దాని గురించి కూడా కొంచెం తెలుసుకోండి, ఎందుకంటే ఆ నాలుగు అక్షరాలకు మనవాళ్లు జాతకానికి ఇచ్చినంత విలువ ఇచ్చేస్తున్నారు, పెళ్లి చూపుల ప్రొఫైళ్లలో కూడా పెడుతున్నారు. స్విట్జర్లాండ్‌కి చెందిన కార్ల్ యూంగ్ 1921లో మనుషుల మానసిక రకాల మీద ఒక పుస్తకం రాశాడు. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ దాన్ని చదివి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఇప్పుడు మయర్స్-బ్రిగ్స్ టెస్టు అంటున్న ఈ ప్రశ్నాపత్రం తయారు చేయడం మొదలుపెట్టారు. మగవాళ్లు యుద్ధానికి వెళ్లిపోతే మొదటిసారి ఉద్యోగాల్లోకి వస్తున్న ఆడవాళ్లకు ఏ పని నప్పుతుందో తెలియాలని వాళ్ల ఆలోచన. తల్లీకూతుళ్లు ఇద్దరూ మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు కారు. ఉద్దేశం మంచిదే. కాకపోతే అది ప్రతి విషయంలోనూ ఇటో అటో తేల్చేస్తుంది, మధ్యలో ఉన్నవాళ్లని కూడా ఒక గట్టుకి తోసేస్తుంది. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుంది. మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకోవడానికి దీన్ని వాడకూడదని ఆ టెస్టుని నడిపే సంస్థే చెబుతుంది, మీ ఆఫీసులో ఎవరైనా ప్రమోషన్ల మాటెత్తి ఈ అక్షరాలు చూపిస్తే ఆ ముక్క గుర్తు చేయండి. పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు గుణాల పద్ధతి, అందులో రకాలు ఉండవు, థర్మామీటర్ మీద అంకెల్లా ఎవరికి ఏ గుణం ఎంత ఉందో చూస్తారు. కానీ అందులోనూ "ఎందుకు" అన్నది ఉండదు.

"అచ్చం నన్ను చూసి రాసినట్టే ఉంది" అన్నారు కదా, అక్కడ కాస్త ఆగాలి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన క్లాసులో 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. కొన్ని రోజుల తర్వాత ఎవరి ఫలితం వాళ్లకు విడిగా కాగితం మీద ఇచ్చి, ఇది మీకు ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయండి అన్నాడు. సగటున 4.26 వేశారు. అప్పుడు చూపించాడు, అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. "పైకి ధైర్యంగా కనిపిస్తారు కానీ లోపల మీకు అనుమానాలు ఎక్కువ", "ఇతరులు మిమ్మల్ని ఇష్టపడాలని కోరుకుంటారు" లాంటివి. ఎవరికి సరిపోవు చెప్పండి? కాబట్టి చదవగానే కళ్లలో నీళ్లు తిరిగాయి అంటే అది నిజమైపోదు. చాలాకాలంగా మనల్ని ఎవరూ సరిగ్గా చూడలేదని, ఎవరైనా చూస్తే బాగుండని ఆకలిగా ఉన్నామని మాత్రం దానివల్ల తెలుస్తుంది. మీ విషయంలో అదే జరిగిందని నాకు అనిపిస్తోంది.

మరి ఎన్నియాగ్రామ్‌ని కొట్టిపారేద్దామా? దాని వెనక కూడా గట్టి శాస్త్రీయ ఆధారాలు లేవు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అయినా నేను దాన్ని పక్కన పడేయను, ఎందుకంటే మిగతావి అడగని ప్రశ్న అది అడుగుతుంది. గ్రీకులో ఎన్నియా అంటే తొమ్మిది. ఆ తొమ్మిది మూలల బొమ్మని గుర్జీఫ్ అనే గురువు పాశ్చాత్య దేశాలకు పరిచయం చేస్తే, దానికి తొమ్మిది రకాల మనుషుల్ని జోడించింది బొలీవియాలో పుట్టిన ఆస్కార్ ఇచాజో. ఆయన దగ్గర నేర్చుకున్న చిలీ దేశపు సైకియాట్రిస్టు క్లాడియో నరాంజో 1970ల మొదట్లో దాన్ని అమెరికా తీసుకెళ్లాడు, అక్కడ్నుంచి క్రైస్తవ మఠాల్లోకీ పాకింది. ఒక్కో రకానికీ వాళ్లు ఒక్కో లోపలి దోషాన్ని పెట్టారు: కోపం, గర్వం, మోసం, అసూయ, లోభం, భయం, తిండిపోతులాంటి తహతహ, అదుపులేని కోరిక, సోమరితనం. చదవగానే మీకు మన అరిషడ్వర్గాలు గుర్తుకొచ్చి ఉండాలి. క్రోధం, లోభం, మదం, మాత్సర్యం... మన పెద్దవాళ్లు వీటిని శత్రువులు అన్నారు, కనిపించకుండా లోపల కూర్చుని పని చేయించేవి కాబట్టి. ఎక్కడి మనుషులైనా చివరికి వెతికింది ఒకటే, చేతిని కదిలించే చెయ్యి ఏది అని.

ఇప్పుడు మీ పులిహోర దగ్గరికే వద్దాం. అదే గృహప్రవేశం, అదే వంటిల్లు, అదే రెండున్నర. మీ జాగాలో ముగ్గురు ఆడవాళ్లని నిలబెట్టి చూడండి. ముగ్గురూ అదే పులిహోర కలుపుతున్నారు, బయట్నుంచి చూస్తే తేడా తెలియదు.

మొదటావిడ 2. ఆవిడ పోపు వేస్తూ మనసులో మనుషుల్ని చూస్తూ ఉంటుంది. ఫలానా పిన్నిగారికి పల్లీలు పళ్లలో ఇరుక్కుంటాయి, ఆవిడకి విడిగా తీద్దాం, చిన్న మరిదికి ఇంగువ ఎక్కువ ఇష్టం. వీళ్లకు నేను కావాలి, నేను లేకపోతే వీళ్లకు గడవదు, ఆ తలంపే ఆవిడకి ఇంధనం. దాని అడుగున ఉన్న భయం ఏమిటంటే, ఏమీ చేయకుండా ఊరికే వచ్చి కూర్చుంటే నన్ను ఎవరైనా ఇష్టపడతారా అని. "నేను లేకపోతే గడవదు" అన్న మాటలో ఉన్నదే ఎన్నియాగ్రామ్ వాళ్లు చెప్పే గర్వం, మన మదం. గట్టిగా అరిచే మదం కాదు, కొంగు బిగించి పనిచేసే మదం. ఈవిడకి "క్యాటరింగ్ వాళ్లది" అన్న మాట వినగానే కలిగేది, నన్ను తుడిచేశారు అన్న బాధ. ఆ బాధ కాసేపట్లో కోపమవుతుంది, ఆ కోపం "వీళ్లకోసం నేను ఎంత చేశాను" అన్న లెక్కల పుస్తకం తెరుస్తుంది.

రెండో ఆవిడ 9. ఈవిడని ఎవరో "నువ్వు చేసేయ్ వదినా" అన్నారు, కాదనడానికి నోరు రాలేదు. కాదంటే మొహం మాడ్చుకుంటారు, అత్తగారు ఒక మాట అంటారు, ఆ వాతావరణం అంతా చెడిపోతుంది, ఎందుకొచ్చిన గొడవ, చేసేస్తే పోతుంది. ఈవిడని ఆ క్షణంలో ఆపి "నీకేం కావాలమ్మా?" అని అడగండి, నిజంగా చెప్పలేదు. తనకేం కావాలో తనే మర్చిపోయి చాలా ఏళ్లయింది. ఈ రకానికి పెట్టిన దోషం సోమరితనం అంటే నాకు మొదట్లో చాలా కోపం వచ్చింది, ఇంత పనిచేసే మనిషి సోమరి ఏమిటని. తర్వాత అర్థమైంది, అది ఒంటికి సంబంధించింది కాదు, తన గురించి తను పట్టించుకునే విషయంలో సోమరితనం. ఈవిడ మెప్పు రానందుకు అంతగా బాధపడదు. రెండు రోజుల తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట, గిన్నె కింద పెట్టే చప్పుడులో, ఆ కోపం బయటపడుతుంది.

మూడో ఆవిడ 6. ఈవిడ క్యాటరింగ్ వాళ్లని నమ్మలేదు. వాళ్లు సమయానికి రాకపోతే? ప్రసాదం తక్కువైతే? అప్పుడు అందరూ ఎవర్ని అంటారు, కోడల్నే కదా. చింతపండు గుజ్జు ముందురోజు రాత్రే ఉడికించి సీసాలో పోసి, ఎందుకైనా మంచిదని ఇంకో అరకిలో చింతపండు సంచిలో వేసుకుని వెళ్తుంది. ఈవిడకి కావాల్సింది పొగడ్త కంటే భరోసా, రేపు నాకు ఏదైనా అయితే వీళ్లు నా వెనక నిలబడతారు అన్న నమ్మకం. అందుకే ఆడపడుచు నోరు విప్పకపోవడం ఈవిడకి మెప్పు పోయినట్టు అనిపించదు, అంతకంటే పెద్దగా తగులుతుంది. ఇంత చేసినా ఈ మనిషి నా పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు, రేపు మాట్లాడుతుందా?

కావాలంటే ఇంకో ఆవిడని కూడా నిలబెట్టవచ్చు, "వీళ్లెవరికీ పులుపు, ఉప్పు సరిగ్గా కుదరదు, నేను చేస్తేనే చేసినట్టు" అనుకునే 1వ రకం ఆవిడ. మీ ఉత్తరంలో ఆ ఛాయ కనిపించలేదు కాబట్టి వదిలేస్తున్నాను. ఇంకో మాట, 9 రకం మనిషి ఒత్తిడిలో పడితే 6 లాగా ప్రవర్తిస్తుందని ఆ పద్ధతిలోనే చెబుతారు. మీకు ఆ రెండూ మారి మారి రావడానికి అదొక కారణం కావచ్చు.

ముగ్గురిలో ఎవరికి మీ ఏడుపు వచ్చిందో చూడండి. పనికి కాదు, ఏడుపుకి పోల్చుకోండి. పని అందరిదీ ఒకటే.

నా సంగతి ఒకటి చెబుతాను. ఏ పెళ్లికి వెళ్లినా, ఏ ఊరు వెళ్లినా నా చేతిలో ఒక నల్లసంచి ఉండేది. పారాసిటమాల్, పిన్నీసులు, సూదీ దారం, టార్చిలైటు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక తువ్వాలు. ఎవరికి ఏం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. "అక్క ఉంటే ధైర్యం" అనేవారు. చాలా ఏళ్లు నేను సాయం చేసే మనిషిని, అది నా స్వభావం అనే అనుకున్నాను, ఎవరు అడిగినా 2 అని ఠక్కున చెప్పేదాన్ని. ఒకసారి అందరం వ్యాన్ కట్టించుకుని శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక చూసుకుంటే సంచి లేదు, ఇంట్లో సోఫా మీదే ఉండిపోయింది. వ్యాన్‌లో ఎవరికీ తలనొప్పి లేదు, వాంతి లేదు, అందరూ మరమరాలు తింటూ పాటలు పాడుతున్నారు. నాకు మాత్రం గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి. ఆ మలుపుల్లో, ఆ కిటికీ పక్కన కూర్చుని నాకు తెలిసింది, ఆ సంచి వాళ్లకోసం కాదు, నాకోసం. చిన్నప్పుడు ఒక రాత్రి మా అమ్మకి ఒంట్లో బాగాలేక పడిపోతే ఇంట్లో ఏ మందూ లేదు, నేను ఒక్కదాన్నే ఉన్నాను, పక్కింటి తలుపు ఎంత కొట్టినా తీయలేదు. ఆ తలుపు ముందే నేను నలభై ఏళ్లు నిలబడి ఉన్నాను. సంచి ఇప్పటికీ పట్టుకెళ్తాను. కాకపోతే ఎవరైనా మాత్ర వేసుకుని థ్యాంక్స్ చెప్పకపోతే ఇప్పుడు నాకు ఏమీ అనిపించదు, అది ఎవరికోసం మోస్తున్నానో తెలుసు కాబట్టి.

చూశారా, ఆ సంచి చేతిలో ఉన్నంతకాలం నాకు తెలియలేదు, లేనప్పుడు తెలిసింది. అందుకే మీకు కూడా చెప్పేది ఇదే, మళ్లీ టెస్టు చేయకండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. రెండు వారాలు, మీ నోట్లోంచి "నేను చేస్తాలే" అన్న మాట వచ్చినప్పుడల్లా, వీలైతే రాబోతున్నప్పుడే, ఒక్క వాక్యం రాయండి: ఇది నేను చేయకపోతే ఏమవుతుందని నాకు భయంగా ఉంది? వంట సరిగా కుదరదని రాయకండి, అది పైమాట. దాని కిందికి దిగండి. కుదరకపోతే? అత్తగారు అంటారు. అంటే? అక్కడ ఆగి మీ ఒంటిని చూసుకోండి, గొంతులో పట్టేసినట్టు ఉందా, పొట్టలో తిప్పుతోందా, భుజాలు బిగిశాయా. మనసు చెప్పడానికి సిగ్గుపడేది ఒళ్లు ముందే చెప్పేస్తుంది. మొదటి నాలుగు రోజులు అన్నీ మంచి మంచి కారణాలే వస్తాయి, "వాళ్లకి కష్టం కదా", "ఇంటి పరువు కదా" అని. రాస్తూ పోండి. ఐదో రోజో ఆరో రోజో ఒక వాక్యం రాసి, చుట్టూ చూసి, ఎవరైనా చదువుతారేమోనని పేజీ తిప్పేస్తారు. ఆ వాక్యం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

అకౌంట్స్ చేసేవారు కాబట్టి మీకు ఇది నాకంటే బాగా తెలియాలి, ఎంట్రీ ఒకటే అయినా ఏ హెడ్ కింద పడిందన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న, "నేను మంచిదాన్నా, మెప్పు కోసం చేస్తున్నానా?" ఈ రెండింటిలో ఒకటే నిజం కావాలని మీకు ఎవరు చెప్పారు? మీరు పిన్నిగారి పళ్ల గురించి ఆలోచించిందీ నిజం కావచ్చు, ఎవరైనా "ఈ పులిహోర మా వదిన చేసింది" అంటే బాగుండు అనుకున్నదీ నిజం కావచ్చు. రెండోది మొదటిదాన్ని అబద్ధం చేయదు. చేసిన పనికి చేసినవాళ్ల పేరు చెప్పమనడం మెప్పు కోసం చేయిచాచడం కాదమ్మా, అది న్యాయం. మన ఇళ్లలో ఆడపిల్ల పొగడ్త కోరుకోవడమే తప్పన్నట్టు పెంచుతారు, "ఎంత అణకువో" అని పొగుడుతూనే పెంచుతారు, దాంతో ఆ కోరిక చావదు సరికదా, మెట్ల కింద దాక్కుని అక్కడ్నుంచి పని చేయిస్తుంది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు మనుషులు ఎందుకు పనిచేస్తారన్నదాని మీద దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. వాళ్లు చెప్పినదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఇష్టంతో చేసే పనికీ, బయటి బలవంతంతో చేసే పనికీ మధ్యలో ఇంకోటి ఉంది: ఎవరూ బలవంతపెట్టరు, కానీ చేయకపోతే నా దృష్టిలో నేనే చెడ్డదాన్ని అయిపోతాను అని చేసేది. పైకి ఇష్టంలాగే కనిపిస్తుంది. మనిషిని అరగదీసేది అదే. మీరు రెండున్నరకి లేచింది వీటిలో దేనికో నోట్‌బుక్ చెబుతుంది. ఇష్టంతో కలిపిన పులిహోరకి ఎవరూ పేరు చెప్పకపోయినా కాసేపు చిన్నబుచ్చుకుంటాం, నిద్ర పోవడం మానం.

అయితే ఒక విషయంలో మీరు జాగ్రత్తగా ఉండాలి. అంతా టైప్ అని మీ మీద వేసుకోకండి. అరవై మంది వచ్చే ఫంక్షన్‌కి తెల్లవారుజామున వంటింట్లో కోడలు ఒక్కతే ఉండటం పర్సనాలిటీ టైప్ కాదు, అది ఆ ఇంట్లో పని పంచుకున్న తీరు. మీరు 2 అయినా 9 అయినా 5 అయినా ఆ పని మీ చేతికే వచ్చేది, ఎందుకంటే దాన్ని ఇంకెవరి చేతికీ పంపే అలవాటు అక్కడ లేదు. మీవారు ఆ సమయంలో ఎక్కడున్నారు? ఉత్తరంలో రాయలేదు, నేను ఊహించగలను. తనని తాను అర్థం చేసుకోవడం పేరుతో ఆడవాళ్లు ఇంటి అన్యాయాన్ని కూడా తమ స్వభావంలో కలిపేసుకోవడం నేను చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మీ భయం మీది, దాని సంగతి మీరు చూసుకోండి. ఆ ఐదు కిలోల బియ్యం మాత్రం మీ ఒక్కరిదీ కాదు.

మీవారితో మాట్లాడండి, కానీ ఏడుపు అయిపోయాక, ఇంకో రోజు. "మీకు నేనంటే లెక్కలేదు" అని మొదలుపెడితే ఆయన చెవులు మూసుకుంటాయి. "ఆ రోజు నిన్నెవరు చేయమన్నారు అన్నారు కదా, దాని గురించి ఆలోచించాను, నాకు ఇది తెలిసింది" అని ఆ గీత పెట్టిన వాక్యం చెప్పండి. ఆయన ప్రశ్నకి మీరు నిజమైన జవాబు ఇస్తే ఆయనకి కూడా మాట మారుతుందని నా నమ్మకం. ఆయన నుంచి ఏం కావాలో కూడా సూటిగా చెప్పండి, "ఈసారి నలుగురిలో ఎవరైనా అలా అంటే, మా ఆవిడ చేసింది అని మీరు చెప్పాలి" అని. అడిగి చెప్పించుకుంటే దానికి విలువేముంది అంటారేమో. ఉంది. అడగకుండా ఎదురుచూసి, రాకపోతే లెక్కల పుస్తకంలో రాసుకోవడం కంటే వెయ్యి రెట్లు విలువుంది.

మీ పెద్దబ్బాయి విషయం తేలిగ్గా తీసుకోకండి. పదమూడేళ్ల పిల్లాడికి ఇంకా స్వభావం గడ్డకట్టలేదు, మీరు వాడి చేతికి ఒక అంకె ఇచ్చారు, వాడు దాన్ని తలుపు గడియలా వాడుకుంటున్నాడు. 5 రకం అంటే తనలో తాను ఉండటం, జనం తన శక్తిని లాగేసుకుంటారని భయపడటం. వాడికి నిజంగా అదే భయం ఉందేమో, లేక బంధువులు మార్కులు అడుగుతారని ఉందేమో, గొంతు మారుతోందని సిగ్గేమో. "ఫైవ్ అయితే రాకూడదా?" అని వాదన పెట్టుకోకండి. ఏ బండి మీదో వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు, మొహాలు చూసుకోనక్కర్లేని సమయంలో, "నాన్నా, ఫంక్షన్లో నీకు ఏది కష్టంగా ఉంటుంది?" అని అడగండి. జవాబు ఏదైనా ఆ అంకెని ఇంట్లో ఇక వాడకండి, మీ అంకెలు కూడా.

నిద్ర గురించి రాశారు. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే, లేదా ఏడుపు కారణం లేకుండా వస్తుంటే, ఆలస్యం చేయకుండా కౌన్సెలర్‌ని గానీ డాక్టర్‌ని గానీ కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనస్తత్వ రకాలు మనల్ని మనం చూసుకోవడానికి పనికొస్తాయి కానీ నిద్ర పట్టని మనిషికి అవి మందు కావు.

ఇక వ్రతం. మీ ఆడపడుచు ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తుంది కదా, వెంటనే సరే అనకండి, కుదరదు అని కూడా అనకండి. "వదినా, చూసుకుని రేపు చెబుతాను" అని పెట్టేయండి. అంతే. ఆ ఒక్కరోజు ఖాళీలో మీ లోపల ఏం జరుగుతుందో చూడండి. నన్ను వద్దనుకుంటారేమో అనిపిస్తుందా, గొడవైపోతుందేమో అనిపిస్తుందా, రేపు నాకు అవసరమైతే రారేమో అనిపిస్తుందా, రాత్రి పడుకునేముందు నోట్‌బుక్‌లో రాయండి. మర్నాడు ఫోన్ చేసి మీకు నిజంగా ఇష్టమైనంతే ఒప్పుకోండి, ముందురోజు సాయంత్రం వస్తాను, ప్రసాదం నేను చేస్తాను, మిగతాది మీరు చూసుకోండి అని. రవ్వ, నెయ్యి, పంచదార ఎంతెంత కావాలో చెప్పి వాళ్లనే తెప్పించమనండి. వ్రతం అయ్యాక, నోట్‌బుక్‌లో గీత పెట్టిన ఆ వాక్యం ఏమిటో నాకు రాయాలనిపిస్తే రాయండి, ఎక్కడా వేయను.